ఐరిస్ కథ, కళ్ళక్క కుళ్ళు

ఆ కథ తన ఒక్కదానిదే అని కళ్ళక్క చాలా ఏళ్ళు అనుకుంది. పెట్టెలో దాచుకున్న పట్టుచీర లాంటిది, పైకి తీసి ఎవరికీ చూపించక్కర్లేదు, ఉందని తనకి తెలిస్తే చాలు అనుకుంది. అలాంటిది ఒకరోజు మధ్యాహ్నం, నోట్లో దూది కుక్కుకుని, దవడ వాచి, మాట పెగలని స్థితిలో, పరదా వెనక నిలబడి అదే కథని, తనకి చెప్పినాయనే ఇంకొకరికి చెబుతుంటే వింది. అరుద్దామన్నా నోరు తెరుచుకోదు. అంతకంటే అన్యాయం ఉంటుందా చెప్పండి.

అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మర్చిపోయారు. ఆ వీధిలో అందరికీ కళ్ళక్కే. ఆవిడ పని కళ్ళు వెయ్యడం. దెబ్బ తగిలో జబ్బు చేసో ఒక కన్ను పోయినవాళ్ళకి రెండోదానికి జోడీగా కన్ను చేసిపెట్టే దుకాణం వాళ్ళ అన్నయ్యది. జనం ఇప్పటికీ గాజు కన్ను అనే అంటారు గానీ గాజు ఎప్పుడో పోయింది, ఇప్పుడంతా గట్టి ప్లాస్టిక్కే. అన్నయ్య కంటిగుంట కొలత తీసి, మైనంతో అచ్చు చేసి, తెల్లగుడ్డు పోత పోస్తాడు. వదిన ఎర్ర పట్టుదారాన్ని పోగులు పోగులుగా చీల్చి, ఆ తెల్లగుడ్డు మీద నరాల్లాగా అతికిస్తుంది. మధ్యలో రంగు మాత్రం కళ్ళక్కది. చొక్కా గుండీ అంత నల్లబిళ్ళ మీద, నాలుగు వెంట్రుకల కుంచెతో, మధ్యలోంచి అంచుకి, అంచులోంచి మధ్యకి గీతలు గీసుకుంటూ పోవాలి. నల్ల కళ్ళు అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, నల్ల కన్ను అనేది లోకంలో లేనే లేదంటుంది ఆవిడ. టీ రంగు, తడిసిన చెక్క రంగు, కాలిన పంచదార రంగు, ఇలా ఏదో ఒకటి అడుగున ఉంటుంది.

చిన్నప్పుడు బొమ్మల ఫ్యాక్టరీలో బొమ్మలకి కళ్ళు పెట్టడానికి వెళ్ళేది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకటే నీలం. అక్కణ్ణుంచి అన్నయ్య పిలిస్తే వచ్చేసింది. పెళ్ళి ఒకటి కుదిరి తప్పిపోయింది, రెండోది కుదరనేలేదు. "ఎవడొచ్చినా వాడి కళ్ళల్లోకి అంతసేపు చూస్తే బెదిరిపోడూ?" అని వదిన నవ్వేది. కళ్ళక్కా నవ్వేది. ఆడపడుచూ వదినా అన్నాక ఆమాత్రం పొడుచుకోవడం ఉంటుంది, ఒకే వంటింట్లో టీ కాచుకుని తాగేవాళ్ళు కదా.

కెమెరాలు బాగుచేసే ఆయన మొదటిసారి వచ్చినప్పుడు కళ్ళక్కకి ఇంకా తల నెరవలేదు. ఏదో పాత కెమెరా విప్పుతుంటే లోపలి స్ప్రింగు ఎగిరి ఎడమ కన్ను తీసేసింది. మనిషి మాత్రం హుషారు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళక్క స్టూలు దగ్గరికి లాక్కుని, ఆయన కుడి కంట్లోకి చూడ్డం మొదలుపెట్టింది. ఆ పని అలాంటిది. మొగుడూ పెళ్ళాలు కూడా అంత దగ్గరగా, అంతసేపు ఒకరినొకరు చూసుకోరు.

"మీరలా గుచ్చి గుచ్చి చూస్తుంటే నాకు నవ్వొస్తోందండీ. ఏదో ఒకటి మాట్లాడనివ్వండి" అన్నాడాయన.

"మాట్లాడండి. తల మాత్రం తిప్పకండి."

"ఇంతకీ మీరు వేసేదాన్ని ఏమంటారు?"

"బిళ్ళ."

"బిళ్ళా! ఒక అమ్మవారి పేరున్నదాన్ని పట్టుకుని బిళ్ళ అంటారేంటండీ?"

అప్పుడు చెప్పాడు కథ. గ్రీకు దేశంలో పూర్వం ఐరిస్ అని ఒక దేవత ఉండేదట. వాళ్ళ భాషలో ఆ మాటకి ఇంద్రధనుస్సు అనే అర్థం. పేరూ అదే, మనిషీ అదే. ఆవిడకి బంగారు రెక్కలు. దేవతలకీ మనుషులకీ మధ్య కబుర్లు మోసే పని ఆవిడది. వానా ఎండా కలిసి వచ్చినప్పుడు ఆకాశంలో కనిపించేది ఆవిడ నడిచిన దారేనట. దేవతలు ఒట్టు పెట్టుకోవాలంటే పాతాళంలో నదికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చేది కూడా ఆవిడేనట. తర్వాత్తర్వాత వైద్యం చదివినవాళ్ళు కంటిపాప చుట్టూ రంగురంగుల చట్రం చూసి, దీనికి ఇంతకంటే మంచి పేరేముంది అని ఐరిస్ అన్నారు. ఆ తర్వాత కెమెరాలు చేసేవాళ్ళు, లెన్సులో రేకులు ఒకదాని మీద ఒకటి జరుగుతూ వెలుతురుకి సందు చిన్నదీ పెద్దదీ చేస్తాయి చూడండి, అది కంటిలాగే ఉందని దానికీ ఐరిస్ అన్నారు.

"మా దుకాణంలో నేను బాగుచేసేదీ ఐరిసే, మీ దుకాణంలో మీరు వేసేదీ ఐరిసే. మనిద్దరం ఒకే అమ్మవారి దగ్గర పనివాళ్ళం" అన్నాడు.

పాపం ఆయన సరదాకి అన్నాడు. కళ్ళక్క మాత్రం ఆ మాటని గుండెల్లో పెట్టుకుంది.

ఇలాంటి కన్ను ఒకసారి పెట్టించుకుంటే అయిపోదు. కొన్నేళ్ళకి మెరుగు పోతుంది, గుంట వదులవుతుంది, మళ్ళీ కొత్తది చెయ్యాలి. కాబట్టి ఆయన మళ్ళీ వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఆ కథకి ఇంకో ముక్క తెచ్చేవాడు. ఒకసారి ఐరిస్ అనే పువ్వు గురించి చెప్పాడు, ఊదా, పసుపు, తెలుపు, ఒక్క మొక్క జాతిలోనే అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి దానికి ఆ పేరట. ఇంకోసారి ఇరిడియం అనే లోహం గురించి. దాంతో చేసే ఉప్పులు రకరకాల రంగుల్లో ఉంటాయని అమ్మవారి పేరు పెట్టారట, ఇంకు పెన్ను పాళీ కొసకి అరగకుండా దాన్నే వాడేవాళ్ళట. ఆ రోజు కళ్ళక్క అన్నయ్య పాత పెన్ను తీసుకుని పాళీ కొసని తన భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసింది. ఏమీ కనబడలేదు. అయినా సంతోషమే.

వదినకి అన్నీ తెలుస్తాయి. "ఏమ్మా, వీధిలో మగాళ్ళందరినీ అన్నగారూ అన్నగారూ అంటావు. ఈయన్నొక్కణ్ణీ ఏమీ అనవేం?"

"కస్టమరుగారంటాను."

"ఎప్పుడన్నావు? నేను వినలేదే!"

అలా గడిచిపోతుండగా, అన్నయ్య కూతురు పెద్దదై రంగుల పనిలోకి దిగింది. నోరు ఒక్క నిమిషం ఊరుకోదు కాబట్టి దాన్ని అందరూ పిచిక అంటారు. చిన్నప్పుడు కళ్ళక్క ఒళ్ళో కూర్చుని కుంచె పట్టడం నేర్చుకున్న పిల్లే. తర్వాత వేరే ఊళ్ళో ఒక పెద్ద కళ్ళ దుకాణంలో ఇంకొంత నేర్చుకుని వచ్చింది. చెయ్యి చురుకు. పిల్లలొస్తే నవ్వించి కూర్చోబెడుతుంది. రానురాను కొత్తగా వచ్చేవాళ్ళు, "ఆ అమ్మాయి లేదాండీ?" అని అడగడం మొదలుపెట్టారు. కళ్ళక్క పైకి ఏమీ అనేది కాదు. ఆ దుకాణంలో ఒక కట్టుబాటు ఉంది కదా అని ధైర్యం. ఎవరు మొదటి బిళ్ళ వేస్తే, ఆ మనిషికి ఆఖరిదాకా వాళ్ళే వెయ్యాలి. కొత్తవాళ్ళు ఎవరికి పోతేనేం, పాతవాళ్ళు తనవాళ్ళు. అందులో ఆ ఒక్కరు మరీ తనవారు.

ఒకరోజు కళ్ళక్క పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది, దవడ పన్ను తీయించుకోవడానికి. తన వంతు వచ్చేదాకా అక్కడున్న పాత పత్రిక తిరగేస్తుంటే ఒక సంగతి కనిపించింది. ఆ ఐరిస్ పువ్వు దుంపవేరుని ఎండబెట్టి, ఏళ్ళ తరబడి నిలవ ఉంచితే, అప్పుడు దానికి వాసన పుడుతుందట. దాంతో ఖరీదైన సెంట్లు చేస్తారట. కళ్ళక్కకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయనకి తెలియని ముక్క తన చేతికి దొరికింది. ఈసారి ఆయనొచ్చినప్పుడు తల తిప్పకుండా కూర్చోబెట్టి తనే చెబుతుంది. సూది గుచ్చుతుంటే కూడా ఆ మాటే తలుచుకుంది.

మూతి మొద్దుబారిపోయి, చెంప పట్టుకుని దుకాణంలోకి వచ్చేసరికి, పరదా అవతల ఆ గొంతు వినిపించింది.

"నువ్వలా గుచ్చి గుచ్చి చూస్తుంటే నాకు నవ్వొస్తోందమ్మాయ్. ఏదో ఒకటి మాట్లాడనీ."

కళ్ళక్క కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"మాట్లాడండి అంకుల్" అంటోంది పిచిక.

"నువ్వు వేసేదాన్ని ఏమంటారో తెలుసా? ఒక అమ్మవారి పేరు..."

అదే కథ. బంగారు రెక్కలూ అవే, చెంబుతో నీళ్ళూ అవే. ఎక్కడ ఆగి ఊపిరి తీసుకునేవాడో కూడా మారలేదు. కళ్ళక్కకి తన పట్టుచీరని ఎవరో కట్టుకుని వీధంతా తిరుగుతున్నట్టు అనిపించింది. ఎంతమందికి చెప్పాడో! టీ కొట్టు దగ్గర కూడా చెప్పే ఉంటాడు. బట్టలు కుట్టే ఆవిడకి కూడా చెప్పే ఉంటాడు, కొలతలు ఇస్తూ!

అంతటితో అయిందా? లేదు.

"నాకు తెలుసంకుల్, ఫోన్లో చదివాను. కానీ మీరు అసలు ముక్క చెప్పలేదు. ఆ ఐరిస్ ఎవరి దగ్గర పని చేసేదో తెలుసా? హేరా అని, దేవతల రాణి. ఆవిడకి ఉన్నంత కుళ్ళు ఇంకెవరికీ లేదట. మొగుడు ఎవరి వంక చూసినా సరే, వాళ్ళ అంతు చూసేదాకా నిద్రపోదు. ఆవిడ తిట్లన్నీ మూటగట్టి మోసుకెళ్ళి ఇచ్చి రావడమే ఈ పిల్ల పని."

"అయ్యబాబోయ్! రంగుల చీరా రెక్కలూ పెట్టుకుని ఆవిడ చేసేది ఈ ఉద్యోగమా?" అని ఆయన పగలబడి నవ్వాడు.

కళ్ళక్క ఆయన నవ్వు ఎన్నోసార్లు వింది గానీ, అలా కుర్చీ కిర్రుమనేలా నవ్వడం ఎప్పుడూ వినలేదు. పదిమందికీ చెప్పిన కథనైనా తను ఓర్చుకునేదేమో. ఈ నవ్వుని మాత్రం ఓర్చుకోలేకపోయింది.

ఆ నవ్వు ఆగాక ఆయన ఇంకో ముక్క కూడా చెప్పాడు, కళ్ళక్కకి ఎప్పుడూ చెప్పనిది. ఏదో ఆఫీసుకి కెమెరాలు బాగుచేయడానికి వెళ్తే, గుమ్మం దగ్గర కంట్లోకి చూసి తలుపు తీసే పెట్టె ఒకటి పెట్టారట. ఐరిస్ గీతలు ఏ ఇద్దరికీ ఒకలా ఉండవు కాబట్టి దాన్ని బట్టి మనిషిని గుర్తుపడుతుందట. కుడి కన్ను పెడితే సరే అంది, సరదాకి ఎడమ కన్ను పెడితే ఒప్పుకోలేదట. "ఎన్నిసార్లు పెట్టినా, మీరెవరో మాకు తెలీదు అంటుందమ్మాయ్! మీ అత్త ఎంత బాగా వేసినా అమ్మవారు పట్టేసింది."

మీ అత్త ఎంత బాగా వేసినా! కళ్ళక్క పరదా లాగి లోపలికి వచ్చింది.

వచ్చి చూస్తే పిచిక చేతిలో ఒక చిన్న లోహపు చట్రం ఉంది. పాత లెన్సులోంచి తీసింది. పక్కన పుల్ల కదిపితే సన్నటి రేకులు గులాబీలా విచ్చుకుంటున్నాయి, మళ్ళీ ముడుచుకుంటున్నాయి. ఆయనే తెచ్చి ఇచ్చాడట.

"అత్తా, చూడు ఎంత ముద్దొస్తోందో!"

తనకేమో ఇన్నేళ్ళూ ఉత్త మాటలు. దీనికేమో మొదటి రోజే వస్తువు.

"ఎవల్ని అలిగి కూసున్నావు ఆ స్తూలు మీద?" అంది కళ్ళక్క. మూతి తిరగడం లేదు. ఎవర్ని అడిగి కూర్చున్నావని ఆవిడ ఉద్దేశం.

"ఏంటత్తా?"

కెమెరా ఆయన లేచి నిలబడ్డాడు. "అయ్యో, చెంప బాగా వాచిందండీ. మీరు లేరని అమ్మాయిని మొదలుపెట్టమన్నాను. పడుకోండి, మాట్లాడకండి."

అంత మర్యాదగా చెప్పేసరికి ఏడుపొచ్చినంత పనయింది. చేత్తో సైగ చేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి మూతికి ప్రాణం వచ్చింది. దాంతోపాటు మాటలూ వచ్చాయి.

"నా కస్టమర్ని నువ్వెలా కూర్చోబెడతావే? కట్టుబాటు తెలీదా నీకు?"

"నువ్వు లేవు కదత్తా! ఆయన్ని పొమ్మనమంటావా?"

"పొమ్మను! మర్నాడు వస్తాడు."

"ఈ కాస్తదానికి అంత గొంతెందుకు? నువ్వు అచ్చం ఆ హేరాలాగే ఉన్నావు."

వదిన నరాల దారం కింద పెట్టేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్ళక్క అటు తిరిగింది. "నవ్వు వదినా, నవ్వు. కూతురికి నేర్పింది నేను కదా, ఇప్పుడు నాకే చెబుతోంది."

"నేనేమన్నాను తల్లీ! కన్నేగా వెయ్యాల్సింది, ఆయన్ని కాదుగా పంచుకోవాల్సింది."

"వదినా!"

అన్నయ్య మైనం చేతులు తుడుచుకుంటూ వచ్చి మధ్యలో నిలబడ్డాడు. చెల్లెలి వైపు మాట్లాడితే కూతురు అలుగుతుంది, కూతురి వైపు మాట్లాడితే చెల్లెలు అన్నం మానేస్తుంది. ఎటూ తేల్చలేక, "ఇద్దరూ చెరో బిళ్ళా వెయ్యండి. శుక్రవారం ఆయనొస్తాడు. కంటి పక్కన పెట్టి చూద్దాం. ఏది కలిస్తే అది పెడదాం. ఇంక నోరు మూసుకోండి ఇద్దరూ" అన్నాడు.

"ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టాలి కదా అత్త కోసం?" అంది పిచిక.

"నాకక్కర్లేదు. ఆ కన్ను నాకు నోటికొచ్చు" అంది కళ్ళక్క.

నిజంగానే నోటికొచ్చు. మర్నాడు కిటికీ దగ్గర ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది. అడుగున కాలిన పంచదార రంగు. దానిమీద తేనె. పాపకి దగ్గరగా ఎండిన ఆకు ముక్కల్లాంటి చుక్కలు, కింద ఎడమవైపు ఒకటి మాత్రం కొంచెం పెద్దది. అంచుకి ముదురు గీత, పెన్సిలుతో గీసినట్టు. ఆవిడ జీవితంలో అంత సుళువుగా ఏ కన్నూ రాలేదు. కుంచె ముంచితే చాలు, చెయ్యి తనంతట తనే పోయింది. పిచిక బిళ్ళ పక్కనే మూత కింద ఉంది. తీసి చూడొచ్చు. చూడలేదు. చూస్తే తక్కువైపోయినట్టు.

పని అయ్యాక చుక్క నీళ్ళు వేసి చూసుకుంది. పైన మెరుగు పోత పోశాక రంగులు ఎలా తేలతాయో తెలియాలంటే ఆ నీటిచుక్కే అద్దం. చుక్క పడగానే ఆ కన్ను తనవైపు చూసింది. కళ్ళక్క గెలిచాననుకుంది.

శుక్రవారం ఆయనొచ్చి కుర్చీలో కూర్చోగానే, ఇన్నాళ్ళూ దాచుకున్న ముక్క ముందు బయట పెట్టేసింది. "మీకో సంగతి చెప్పాలి. ఆ ఐరిస్ పువ్వు దుంప ఉంటుంది చూడండి, దాన్ని ఏళ్ళ తరబడి ఎండబెట్టి..."

"సెంటు చేస్తారట కదండీ! మొన్న అమ్మాయి చెప్పింది. ఎంత చిత్రమో చూడండి."

పిచిక తల దించుకుని గోళ్ళు చూసుకుంది. వదిన ఈసారి నవ్వలేదు.

"సరే, బిళ్ళలు తీయండి" అన్నాడు అన్నయ్య, ఎందుకో గొంతు సవరించుకుని.

ముందు కళ్ళక్క బిళ్ళ. నీటిచుక్క వేసి, చిన్న కాడకి తగిలించి, ఆయన ఎడమ కంటి చోట పట్టుకుంది. అన్నయ్య చూశాడు. వదిన చూసింది. పిచిక చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. బిళ్ళ తప్పుగా ఉంటే అనేవాళ్ళే. అది అద్భుతంగా ఉంది, అదే గొడవ.

కళ్ళక్క అప్పుడు చూసింది, ఆయన కుడి కన్నుని. ఇన్నాళ్ళూ చూశాననుకుంది గానీ, కిందటిసారి కొత్త కన్ను చేసినప్పుడు కూడా సగం చూసి సగం చెయ్యివాటంగా వేసేసింది కాబోలు. తేనె రంగు పలచబడి, మబ్బు పట్టిన రోజు వెలుతురులా అయిపోయింది. ఎండుటాకుల చుక్కలు చెదిరి అడుగున కలిసిపోయాయి. పెన్సిలు గీతలాంటి అంచు లేనే లేదు, ఆ చోట బూడిద కలిపిన పాలరంగు వలయం ఒకటి వచ్చి కూర్చుంది. వయసు మీద పడ్డవాళ్ళకి వచ్చేదే. దుకాణానికి వచ్చే ఏ ముసలాయన కంట్లోనైనా గుమ్మంలోంచే పట్టేసేది ఆవిడ. ఈయన కంట్లో ఎందుకు పట్టలేదు? ఈయన ముసలాయన అయ్యాడని ఎవరూ తనకి చెప్పలేదు మరి.

ఆయన అద్దం అందుకుని చూసుకున్నాడు. ఒకవైపు అరవై దాటిన కన్ను, ఇంకోవైపు నలభై.

"ఓహో, వీడా! వీణ్ణి నేనెరుగుదును. చాలా రోజులయింది చూసి" అన్నాడు మెల్లగా.

తర్వాత పిచిక బిళ్ళ పట్టుకున్నారు. పక్కపక్కనే ఉన్నా ఏదీ ఎబ్బెట్టుగా కనబడలేదు. అంతే, కలిసిపోయింది. కళ్ళక్కకి తెలుసు, ఈ పనిలో అంతకంటే చెయ్యగలిగింది లేదు. ఏది దొంగకన్నో ఎదుటివాడికి తెలియకూడదు. తన బిళ్ళ పెట్టుకుని వీధిలోకి వెళ్తే ఆయన్ని చంటిపిల్లలు కూడా వేలెత్తి చూపిస్తారు.

అప్పుడు పిచిక అంది. "అత్తదే బాగుంది. అదే పెట్టేద్దాం నాన్నా. ఏం, అంకుల్? మీకూ నచ్చింది కదా?"

దాని గొంతులో జాలి వినబడింది. ఆయన కూడా వెంటనే అందుకున్నాడు. "అవునవును. అదే పెట్టండి. ఈ వయసులో ఒక్క కన్నన్నా కుర్రాడిలా ఉంటే తప్పేముంది?"

మీరు గమనించారో లేదో, కుళ్ళుకునే మనిషి ఓడిపోతే తట్టుకోగలదు. పక్కన పడుకోబెట్టి వీపు నిమిరితే మాత్రం తట్టుకోలేదు. కళ్ళక్క మొహం ఎర్రబడిపోయింది.

"నీ దయ ఎవరిక్కావాలే? ఆయనకేం, ఊరుకోలేక అంటారు. నువ్వు పనిదానివి. ఇది కలిసిందా? కళ్ళు పెట్టుకు చెప్పు, కలిసిందా?"

పిచిక ఆ బిళ్ళకేసి చూసింది. "కలవలేదత్తా."

"మరి? మెప్పులు నేర్పానా నీకు నేను, రంగులు నేర్పానా?"

తన బిళ్ళ కాడనుంచి ఊడదీసి తుడిచి మూత కింద పెట్టేసింది. ఆయన చెయ్యి చాచాడు.

"అది నాకివ్వండి. జేబులో పెట్టుకుంటాను."

"దేనికి? ఇంకెవరికన్నా ఇవ్వడానికా?"

ఆ మాట అలా బయటికి వచ్చేసింది. వదిన చేతిలో దారం ఆగిపోయింది. ఆయన ఒకసారి పిచిక మెడకేసి చూశాడు. ఆ లోహపు చట్రానికి తాడు కట్టి ఆ పిల్ల మెళ్ళో వేసుకుంది. తర్వాత కళ్ళక్క వైపు చూశాడు. ఏం అర్థమయిందో ఏమో, నవ్వు ముఖం కొంచెం మారింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇవ్వను లెండి. నేనెవరికీ..." అని ఆగిపోయాడు.

"నేనూ ఇవ్వను. అది నాది" అంది కళ్ళక్క.

ఆవిడ మళ్ళీ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. చెయ్యి చాచింది.

"తే ఇలా."

"ఏది?"

"నీ బిళ్ళ."

పిచిక బిళ్ళని గుప్పిట్లో పట్టుకుంది. "అది నాదత్తా. ఇప్పుడే కలిసిందన్నావు."

"కలిసింది. ఆ తెల్ల వలయం చూడు ఎలా వేశావో. గాజు చుట్టినట్టు చుట్టూ ఒకే మందం. ఆయన కంట్లో చూడు. పైనా కిందా దట్టంగా ఉంది, పక్కలకి వచ్చేసరికి పలచబడి లేనట్టే ఉంది. చూశావా?"

పిచిక వంగి చూసింది. ఆయన పాపం ఊపిరి బిగబట్టి ఇద్దరి ముక్కుల మధ్య ఇరుక్కుపోయాడు.

"అవును" అంది పిచిక. "నేను దిద్దుతాను."

"నేను దిద్దుతాను."

"అత్తా, నువ్వు చెప్పావుగా, నేనే..."

"నువ్వు జరుగు."

ఇది ప్రేమతో చేసిన సాయం అని ఎవరైనా అనుకుంటే కళ్ళక్క గురించి వాళ్ళకి ఏమీ తెలియనట్టే. ఆ కన్ను మొత్తం పిచికది అయిపోకూడదు, అంతే. ఇన్నేళ్ళూ ఆ ముఖం మీద ఇంకో చెయ్యి పడలేదు. పడక తప్పని రోజు వచ్చింది సరే, కనీసం చివరి గీత తనదయి ఉండాలి. బూడిద రంగులో పాలరంగు కలిపి, కుంచెని పెదవుల మధ్య పెట్టి కొస సన్నగా చేసుకుని, పక్కల గీతని పలచబరిచింది. ఆయన మాట్లాడబోతే, "ఉష్" అంది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. మొదటిసారి ఏ కథా లేకుండా ఆ కంట్లోకి చూసింది. ముసలి కన్నే. కొంచెం నీళ్ళు కూడా కారుతున్నాయి. బాగానే ఉంది.

నీటిచుక్క వేసి పట్టుకున్నారు. అన్నయ్య అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు, గుమ్మం దాకా వెళ్ళి అక్కణ్ణుంచి చూశాడు. "ఇంకేం కావాలి. పోత పోసేస్తాను" అని బిళ్ళ పట్టుకుని లోపలికి పోయాడు. ఆయన అద్దం కింద పెట్టి, "ఈసారి ఆ గుమ్మం పెట్టె కూడా మోసపోతుంది చూడండి" అన్నాడు. ఎవరి వైపూ చూడకుండా జాగ్రత్తగా అన్నాడు.

వదిన మళ్ళీ దారం చీల్చడం మొదలుపెట్టింది. నోరూరుకుంటేగా. "అదంతా సరే. రేపు ఎవరైనా, ఈ కన్ను ఎవరు వేశారండీ అని అడిగితే ఏం చెప్పాలి ఈయన?"

"నేనని చెప్పాలి" అంది కళ్ళక్క.

"నేనని" అంది పిచిక కూడా, రవ్వంత ఆలస్యంగా.